ఊపిరి కొలత

మొదట గరగరమంది. ఎండుటాకుల మీద ఎవరో బరువైన గోనెసంచిని ఈడ్చుకుపోతున్నట్టుంది ఆ చప్పుడు. కాసేపటికి గరుకు తగ్గి సరసరమంది. మరి కాసేపటికి పట్టుబట్ట మడత విప్పుతున్నంత మెత్తబడింది. వరండాలో నడిచేవాళ్ళకు ఆ చప్పుడు వింటే చాలు, లోపల రాయి అరగదీసే పని ముతకపొడి మీద నడుస్తోందో మెత్తపొడి మీద నడుస్తోందో తెలిసిపోతుంది. ఈ మధ్య ఆ చప్పుడు అడుగున మరొకటి వచ్చి చేరింది. మూత సరిగ్గా పడని గిన్నెలోంచి ఆవిరి తప్పించుకుంటున్నట్టు, సన్నటి ఈల. అది రాయి చేసే చప్పుడు కాదు.

చేతులకు దీపంతో పని లేదు గనక మేస్త్రి పొద్దున్నే దీపం వెయ్యకుండానే పని మొదలుపెడతాడు. కిటికీ తెల్లబడేకొద్దీ గది తనంతట తానే బయటపడుతుంది. ముందు సిమెంటు తొట్టి, దాని అంచున పేరుకున్న బూడిదరంగు బురద. తర్వాత పొడవాటి బల్ల, బల్ల మీద వరసగా మందపాటి అద్దపు పలకలు, పొడి డబ్బాలు, జిగురు కాచే చిన్న పొయ్యి. మూలన రాయి కోసే రంపం, దాని మీద తడిగుడ్డ. అన్నిటికన్నా ఆఖరున మేస్త్రి బయటపడతాడు. పొట్టి మనిషి. ఇన్నేళ్ళూ ఒకే వైపు వంగి పనిచేసినందుకు కుడి భుజం కిందికి జారి అక్కడే ఉండిపోయింది. రాతితో పాటు వేళ్ళూ అరిగి, వేలిముద్రలు చెరిగిపోయాయి. గుమ్మం దగ్గర కొత్తగా బిగించిన హాజరు యంత్రం అతని బొటనవేలిని ఎన్నిసార్లు పెట్టినా గుర్తుపట్టదు. కాపలావాడు జాలిపడి పుస్తకంలో టిక్కు పెడతాడు. ఆ యంత్రం లెక్కలో అతను ఏ రోజూ పనికి రాలేదు.

కొండల్లో తిరిగే చదువుకున్నవాళ్ళు రాళ్ళు తెస్తారు. ఆ రాతిలోంచి బొటనవేలి గోరంత చెక్క కోసి, గాజుబిళ్ళకు జిగురుతో అంటించి, వెంట్రుక కన్నా సన్నగా, వెలుతురు అటునుంచి ఇటు దూరేదాకా అరగదీయాలి. సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ రాయి పుట్టుపూర్వోత్తరాలు చదవడం వాళ్ళ పని. చదవడానికి వీలుగా పల్చన చెయ్యడం ఇతని పని. కాస్త తక్కువ అరిగితే రాయి మొద్దుగా ఉండి రంగులు అబద్ధం చెబుతాయి. కాస్త ఎక్కువ అరిగితే రాయే ఉండదు, తొట్టిలోకి నీళ్ళై పోతుంది.

ఆ రెంటికీ మధ్యనున్న సందును అతను ఊపిరితో కొలుస్తాడు. పని నేర్పిన ముసలి మేస్త్రి అలాగే నేర్పాడు. గడియారం చూడ్డానికి తలెత్తావంటే చెయ్యి తప్పుతుంది, ఊపిరి చూస్కో, అది నిన్నొదిలి ఎక్కడికీ పోదు అనేవాడు. ఊపిరి తీసుకునేటప్పుడు గాజుబిళ్ళ పలక మీద ఒక చుట్టు, వదిలేటప్పుడు ఒక చుట్టు. మెత్తపొడి మీద పది ఊపిరులు. పదో ఊపిరికి రాయి తేటపడేది. కొత్తవాళ్ళు మాటిమాటికీ కడిగి, వెలుతురు వడగట్టే నల్లరేకులు రెంటి మధ్య పెట్టి, రంగు చూసుకుంటారు. మేస్త్రి చూసేవాడు కాదు. అతని జీవితంలో గర్వమంటూ ఒకటి ఉంటే అదే.

తలుపు నెట్టుకుని స్టోరు మనిషి వచ్చాడు. చంకలో పొడి డబ్బా, నోట్లో పొద్దుటి పలకరింపు.

“ఏం గడియారం, ముల్లు ఈ మధ్య ముందుకి పరిగెడుతోందట? పెద్దసారు అంటున్నారు. సగం పని చేసి చెయ్యి కడిగేస్తున్నావట.”

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. ఒక చేత్తో బల్ల పట్టుకుని, గోడవైపు తిరిగి, భుజం మీది తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు. దగ్గు ఆగేసరికి స్టోరు మనిషి ముఖంలో హాస్యం లేదు.

“సెలవు పెట్టు బావా. నీ రాళ్ళేం లేచి పారిపోవులే.”

“ఇవాళ కాదు” అన్నాడు మేస్త్రి. “రేపు పెడతా.”

ఇవాళ ఎందుకు కాదో స్టోరు మనిషికి తెలుసు. ఈ కట్టడంలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సంగతి కాసేపటికి తానే మెట్లు దిగి వచ్చింది. పెద్దసారు దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. గదిలో ఇంకెవరూ లేకపోయినా తలుపు దగ్గర ఆగి “మేస్త్రిగారూ” అని పిలిచింది. ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ఆమె అతని భార్య కూతురు.

చేతిరుమాలు విప్పి బల్ల మీద పరిచింది. మధ్యలో రాతిచెక్క. సగం తెలుపు, సగం నలుపు. నలుపులో అభ్రకం తళుకులు, తెలుపులో సూదుల్లా టూర్మలిన్ కడ్డీలు.

“ఇదే ఆఖరిది. మొన్న బయట యంత్రం మీద ఇస్తే అభ్రకం పొరలు పీక్కుపోయి, ముక్కలుముక్కలుగా ఊడొచ్చింది. మిగిలింది ఇంతే.”

“ఎప్పటికి కావాలమ్మా?”

“సాయంత్రానికి. పొద్దున్నే పరీక్ష చేసేవాళ్ళు వస్తారు. ఈ అంచు చూడండి, తెలుపూ నలుపూ కలిసే చోటు. నాకు కావాల్సింది ఈ అంచే. గని నీళ్ళలో మునిగిపోయింది, మళ్ళీ తెచ్చుకునే దారి లేదు. ఇది పోతే నేను రాసిందంతా ఉత్తిమాటలే.”

అతను తలూపాడు. ఆమె వెళ్ళబోయి, ఆగింది.

“ఒక మాట. ఏడాదిగా మీరిచ్చినవన్నీ మందంగా ఉంటున్నాయి. క్వార్ట్జ్ బూడిదరంగులో ఉండాల్సింది పసుపుగా కనిపిస్తోంది. నిన్న పెద్దసారు అందరి ముందూ నవ్వారు, మీ మేస్త్రి నిద్రపోతూ చేస్తున్నాడా అని. మిగతావి పోతే పోయాయి. ఇదొక్కటి మాత్రం…”

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా.

“అలాగేనమ్మా” అన్నాడు.

ఆమె వెళ్ళాక రాతిచెక్కను అరచేతిలోకి తీసుకున్నాడు. రంగులు తేలడానికి రాయిని నాలుకతో తడిపి చూడటం ఈ పనిలో అందరికీ అలవాటే. ఎన్ని వేల రాళ్ళను రుచి చూసి ఉంటాడో! దీన్ని మాత్రం నోటిదాకా తెచ్చి ఆపేశాడు. తొట్టిలో వేలు ముంచి, నీటిబొట్టుతో తడిపాడు. ఈ రాయి ఎవరిదో అతనికి తెలుసు.

అది ఆ అమ్మాయి తండ్రిది. కొండకడుపులో నరంలా పాకిన తెల్లరాతి సిర వెంట సొరంగం తవ్వే గనిలో ఆయన డ్రిల్లు పట్టేవాడు. సిర గోడ నుంచి ఒక ముక్క విరిచి, మెరుస్తోంది కదా అని కూతురికి తెచ్చిచ్చాడు. కొద్ది రోజులకే పైకప్పు కూలి ఆయన మీద పడింది. పిల్ల ఆ రాయిని పెన్సిళ్ళ పెట్టెలో దాచుకుంది. పరీక్షలకూ అదే పెట్టె పట్టుకెళ్ళేది.

మేస్త్రి వాళ్ళింటికి ఆలస్యంగా వచ్చిన మనిషి. తల్లీ తండ్రీ ఎవరో తెలియని పిల్లలను పెంచే చోట పెరిగి, రాయి పిండిచేసే గదిలో కూలికి చేరి, అక్కణ్ణుంచి ఈ బల్ల దగ్గరికి వచ్చాడు. నడివయసు దాటుతుండగా ఒక వితంతువు, ఆమె బడికెళ్ళే కూతురు అతని బతుకులోకి వచ్చారు. వచ్చిన సాయంత్రమే ఆ పిల్ల తలుపు వెనక నిలబడి తేల్చి చెప్పింది.

“మా నాన్న ఉన్నాడు.”

“ఉన్నాడమ్మా” అన్నాడతను. “ఆయన చోటు నేనడగను.”

అడగలేదు. ఆమె ఇవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పిలుపు లేని వాక్యాలు పుట్టాయి. అన్నం అయింది. అమ్మ రమ్మంటోంది. తలుపు తియ్యాలి. దారిలో బావి ఉందని తెలిసినవాళ్ళు చీకట్లో కూడా పక్కనుంచి నడిచినట్టు, ఆ పిల్ల ఒక్క మాటను తప్పించుకుని ఇన్నేళ్ళ సంభాషణా నడిపింది. అతను నొచ్చుకోలేదు. ఆ మాట ఒకరిని అనడమూ అతనికి తెలియదు, ఒకరిచేత అనిపించుకోవడమూ తెలియదు. తెలియని రుచి కోసం నోరూరదని అనుకునేవాడు. అది నిజం కాదు. పక్కింటి పిల్లలు వీధిలో ఎవర్నో “నాన్నా” అని కేకేస్తే, ఇంటి దగ్గర పని చేసుకుంటున్న అతని చెయ్యి పలక మీద ఆగిపోయేది.

ఇచ్చే పిలుపు లేకపోయినా ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చునేది. సెలవురోజుల్లో అతను ఇంటికి తెచ్చుకున్న పని చేస్తుంటే, ఎంతసేపు అని అడిగేది. పది ఊపిరులమ్మా అనేవాడు. తనూ లెక్కపెట్టేది. పిల్ల ఊపిరి చిన్నది. అతను ఆరో ఏడో దగ్గర ఉండగానే తను పదికి చేరిపోయి, అయిపోయింది, ఆపండి అని నవ్వేది. ఒకసారి నల్లరేకులు రెండూ ఆమె చేతిలో పెట్టి, మధ్య గాజుబిళ్ళ ఉంచి కిటికీ వైపు చూపించాడు. బూడిదరంగు రాయి నీలాలూ ఎరుపులూ పచ్చలుగా వెలిగింది. ఆ పిల్ల చాలాసేపు కళ్ళు తియ్యలేదు. ఇవాళ ఆమె చదువుతున్న చదువంతా ఆ కిటికీ దగ్గర మొదలైంది. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు, అతనూ అనుకోలేదు.

జిగురు కాగింది. గాజుబిళ్ళ మీద చుక్క వేసి, రాతిచెక్కను గాలిబుడగ లేకుండా అదిమాడు. ఆరేలోగా కూర్చుని ఊపిరి సవరించుకోవాలి. కూర్చుంటే ఈల పెద్దదైంది.

అదేమిటో అతనికి తెలుసు. వానాకాలంలో ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు ఛాతీ ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. వెలుతురుకెత్తిన దేన్నైనా చూడటం అలవాటైన కళ్ళు గనక మేస్త్రికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి సన్నరవ్వ చల్లినట్టుంది. పిండిగదిలో, నీళ్ళూ ముసుగులూ లేని ఆ రోజుల్లో పీల్చిన రాయి అంతా అక్కడే ఉంది, ఎక్కడికీ పోకుండా. ఇక రాతి దగ్గరికి వెళ్ళొద్దు అన్నాడు డాక్టరు, అప్పటికి ఆ మాటతో పని లేదని తెలిసిన గొంతుతో.

ఇంట్లో భార్యకొక్కదానికే చెప్పాడు. అమ్మాయి చదువు తేలేదాకా నోరు విప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆమె ఏడవలేదు. పొయ్యి ఆర్పి, ఒక్క మాటంది.

“ఒకాయన్ని రాయి మింగింది. ఇంకొకాయన రాయిని మింగాడు.”

మధ్యాహ్నం ఆమె కట్టిచ్చిన డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని, మూత పెట్టేశాడు. తినడానికీ ఊపిరి కావాలి.

అమ్మాయి మళ్ళీ దిగి వచ్చింది, చేతిలో గాజుబిళ్ళల పెట్టెతో. పొద్దుటి మాట కటువుగా అన్నానని ఆమెకు అనిపించినట్టుంది. అన్నదాన్ని వెనక్కి తీసుకోలేక, రుజువు తెచ్చింది. నల్లరేకుల మధ్య ఒక్కొక్కటే పెట్టి, చేసిన వరసలో చూపించింది. నిరుడు చేసినదానిలో క్వార్ట్జ్ చక్కటి బూడిదరంగు. తర్వాతిది ఎండుగడ్డి రంగు. ఆ తర్వాత పసుపు. మొన్న మొన్నటిది నారింజ.

“చూశారా? నెలనెలా మందం పెరుగుతోంది. ఒకటీ అరా అయితే పొరపాటనుకోవచ్చు. ఇది వరసగా ఉంది. ఎందుకిలా?”

ఎందుకో మేస్త్రికి అర్థమైంది. పెద్దసారు మొదటిసారి విసుక్కున్నప్పుడు పది ఊపిరులకు రెండు కలిపాడు. కలిపిన రెంటినీ కూడా జబ్బు తినేసింది. ఊపిరి కురచబడేకొద్దీ పది తొందరగా వచ్చేస్తోంది, రాయి అరగకముందే లెక్క పూర్తవుతోంది. డాక్టరు ఒక్క ఫిల్ములో చూపినదాన్ని ఈ పిల్ల నెలవారీగా పేర్చి చూపించింది. తను చేసిన ప్రతి బిళ్ళా తన ఛాతీ ఫొటోయే.

“కళ్ళు మసకేస్తున్నాయమ్మా” అన్నాడు.

“అద్దాలు మార్పించుకోవాల్సింది. అమ్మతో చెప్తాను.”

“వద్దు” అన్నాడు గబుక్కున. తర్వాత మెల్లగా, “నేనే చెప్తాలే.”

ఆమె అతని ముఖంలోకి మరో క్షణం చూసింది. పైనుంచి ఎవరో పిలిచారు. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆమె రాసిన దానిలో ఏముందో మేస్త్రికి పూర్తిగా తెలియదు. ఒక రాత్రి భోజనాల వేళ తల్లికి చెబుతుంటే విన్నంతే. రెండు పెద్ద భూఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే కొండలు లేస్తాయట. పైకి లేచినంత కిందికీ కుంగుతాయట. అలా కుంగిన రాయి లోతున కాగి, చెమట పట్టినట్టు కొంచెం కొంచెంగా కరుగుతుందట. తెల్లసిరలు ఎలా పుట్టాయన్న దగ్గరే పెద్దసారుకూ ఆమెకూ పేచీ. ఎక్కడో లోతున ఒక పెద్ద గ్రానైటు ముద్ద ఉండి ఉంటుందనీ, అది గడ్డకడుతుంటే ఏ స్ఫటికమూ తనలో చేర్చుకోక వదిలేసిన నీరూ, బోరానూ, లిథియమూ చివరి ద్రవంలో మిగిలి, పగుళ్ళ వెంట దూరంగా పారి సిరలయ్యాయనీ సారు అంటారు. ఆ గ్రానైటు తల్లిరాయి ఇంకా దొరకలేదంటే, సరిగ్గా వెతకలేదనే అంటారు. చాలా కొండల్లో ఆయన మాటే నిజం, ఈ కొండలో మాత్రం కాదని ఆమె నమ్మకం. ఆ రాత్రి తల్లితో అదే అంది.

“దీనికి తల్లిరాయి ఎక్కడో లేదమ్మా. చుట్టూ ఉన్న గోడరాయే కాగి, కరిగి, దీన్ని చేసింది. అంచు దగ్గర చూస్తే తెలుస్తుంది. దూరం నుంచి వచ్చిందైతే గీత గీసినట్టు ఉంటుంది. పక్కదానిలోంచే పుట్టిందైతే గీత ఉండదు.”

ఎవరూ చేర్చుకోక మిగిలిపోయినవన్నీ ఒకచోట చేరి, నీటి చలవతో చెయ్యంతేసి స్ఫటికాలై పెరుగుతాయన్న మాట దగ్గర, గుమ్మంలో కూర్చున్న మేస్త్రి తలెత్తాడు. మరీ అంత పెద్దవా అని అడగాలనుకున్నాడు. అడగలేదు.

జిగురు ఆరింది. రంపం మీద రాతిచెక్కను కాగితమంత మందానికి కోసుకున్నాడు. అభ్రకం ఒక మూల లేవబోతే పల్చటి జిగురు చుక్క పోసి కూర్చోబెట్టాడు. ముతకపొడి పని గడిచింది. ఇక మెత్తపొడి. ఇక్కడ మాటిమాటికీ కడగడానికి లేదు. కడిగిన ప్రతిసారీ అభ్రకం ఒక్కో పొర వదులవుతుంది. కొలత లేకుండా కుదరదు. కొలతేమో విరిగిపోయింది.

చెయ్యి పలక మీద ఆన్చి నిలబడ్డాడు. జీవితమంతా నమ్మిన ఒకే ఒక్కదాన్ని ఇప్పుడు నమ్మడానికి లేదు. ఊపిరి తీస్తే దగ్గు, దగ్గితే చెయ్యి అదురుతుంది, అదిరితే అంచు పోతుంది. అంచు పోతే ఆ పిల్లకు తండ్రి రెండోసారి పోతాడు. అదీ తన చేతిలో.

గాజుబిళ్ళను అదిమిపట్టిన బొటనవేలిలో నాడి కొట్టుకోవడం అప్పుడు తెలిసింది. అరిగిపోయిన ఆ వేలికి ఇంకేమీ తెలియకపోయినా అది తెలుస్తోంది. ఊపిరి బిగబట్టాడు. నాడి ఒక్కో దెబ్బకు ఒక్కో చుట్టు. గదిలో ఈల ఆగిపోయి, రాయి చప్పుడొక్కటే మిగిలింది, పట్టుబట్ట మడత విప్పుతున్నట్టు. ఛాతీలో మంట లేచింది. కిటికీ అంచులు నల్లబడ్డాయి. చెయ్యి ఎత్తి, బిళ్ళను దూరంగా పెట్టి, అప్పుడు గోడవైపు తిరిగి తువ్వాలులోకి దగ్గాడు. నేల మీద చతికిలబడి, పట్టు దొరికాక బల్ల పట్టుకుని లేచాడు. మళ్ళీ బిగబట్టాడు.

కడిగి, రేకుల మధ్య పెట్టి చూశాడు. నారింజ. మళ్ళీ బిగబట్టాడు. ఇంకో మనిషిని పిలవచ్చు. స్టోరు మనిషిని కేకేస్తే పరుగున వస్తాడు, వచ్చి పని ఆపిస్తాడు. కేక వెయ్యలేదు. అమ్మాయికి నిజం చెప్పచ్చు. చెబితే ఈ రాయి వదిలేసి ఆసుపత్రికి పదమంటుంది. అంటుందని అతనికి తెలుసు. అంటుందన్న నమ్మకమే అతన్ని నిలబెడుతోంది. కడిగి చూశాడు. పసుపు. తువ్వాలు మీద ఎర్రటి మరక పడింది. మరక లోపలికి మడిచాడు.

నాడి ఇప్పుడు సరిగ్గా కొట్టుకోవడం లేదు. ఒక దెబ్బ తప్పి, రెండు కలిసి వస్తున్నాయి. ఇక నాడినీ నమ్మడానికి లేదు. కళ్ళు మూసుకుని చప్పుడు విన్నాడు. చప్పుడు సన్నబడి, సన్నబడి, ఉందో లేదో తెలియనంత అయిన చోట చెయ్యి ఎత్తేశాడు.

కడిగాడు. రేకుల మధ్య పెట్టి కిటికీకి ఎత్తాడు.

బూడిదరంగు. మంచు తేరుకునే ముందరి పొద్దులాంటి, తేటైన బూడిదరంగు. అంచు అలాగే ఉంది. పైన పల్చటి గాజుపొర మూసి, జిగురు తుడిచి, కుర్చీలో కూలబడి మళ్ళీ చూశాడు. ఎప్పుడూ తనకు పట్టని పని, చదవడం, ఇవాళ చెయ్యాలనిపించింది. ఒక పక్క గోడరాయి. దాని రేణువులు మూలలు కరిగి గుండ్రబడ్డాయి. వాటి సందుల్లో తెల్లటి సన్నపాయలు. పాయలు ఒకదానిలో ఒకటి కలుస్తూ, లావవుతూ, అవతలి పక్కకు వెళ్ళేసరికి తెల్లసిర అయిపోయాయి. గోడ ఎక్కడ ముగిసిందో, సిర ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపడానికి వెతికాడు. దొరకలేదు. ఇది ఆమె కోరుకున్నదో కాదో ఆమే చెప్పాలి.

బిళ్ళను కిటికీ గట్టు మీద జాగ్రత్తగా పెట్టాడు. తల గోడకు ఆన్చాడు. తొట్టిలో కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. కట్టెయ్యాలి. లేవబోయే ముందు కాస్త ఊపిరి తీసుకుందామనుకున్నాడు. అలవాటుగా లెక్కపెట్టుకున్నాడు. ఒకటి. రెండు. లెక్క పది దాకా రాలేదు.

పై అంతస్తులో అమ్మాయి గాజుబిళ్ళల పెట్టె ముందు కూర్చుని ఉంది. కళ్ళు మసకేసినవాడి తప్పు అడ్డదిడ్డంగా ఉండాలి. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఇది మెట్లు కట్టినట్టుంది. బూడిదరంగు, ఎండుగడ్డి, పసుపు, నారింజ. నెలనెలా ఏదో ఒకటి కొంచెం కొంచెంగా కురచబడుతోంది. ఆమె పెదాలు వాటంతట అవే కదిలాయి. పది ఊపిరులమ్మా. ఒక సెలవురోజు, ఒక చిన్నపిల్ల, పెద్ద ఊపిరి కన్నా ముందే పదికి చేరిపోయి నవ్వుతున్న చిన్న ఊపిరి.

కుర్చీ వెనక్కి పడింది. ఆమె మెట్ల మీద పరుగెత్తింది.

వరండా మలుపులో ఆ చప్పుడు వినపడాలి. గరగర కాకపోతే సరసర, అదీ కాకపోతే పట్టుబట్ట. ఏదీ లేదు. ఈల కూడా లేదు. తలుపు తెరిచే ఉంది.

“మేస్త్రిగారూ.”

తల గోడకు ఆన్చి ఉన్నాడు. నిద్రలో ఉన్న మనిషిలా కుడి భుజం కిందికి జారి ఉంది. దగ్గరికి వెళ్ళి ఆ భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్ళో మడిచిన తువ్వాలు ఆ కదలికకు విడిపోయి, లోపలి ఎరుపు బయటపడింది. ఆమె చూపు తువ్వాలు మీంచి అద్దపు పలక మీదికి, పలక మీంచి కిటికీ గట్టుకి వెళ్ళింది. గట్టు మీద గాజుబిళ్ళ. తీసి వెలుతురుకెత్తింది. రేకులు లేకుండానే తెలుస్తోంది ఎంత పల్చనో. అవతలి ఆకాశం దానిలోంచి కనిపిస్తోంది. తెలుపుకీ నలుపుకీ మధ్య గీత లేదు.

కొళాయి కారుతూనే ఉంది. ఆమె ఒక చెయ్యి ఇంకా అతని భుజం మీదే ఉంది. రెండో చేతిలోని బిళ్ళను కింద పెట్టడం చేతకాక, నోటికి దగ్గరగా పట్టుకుని, అతని ముఖం మీదికి వంగింది.

“నాన్నా.”

ఆ మాటతో వచ్చిన ఊపిరికి ఆమె చేతిలోని గాజుబిళ్ళ మసకబారి, మెల్లగా అంచుల నుంచి తేటపడింది.